రాజు మేడయు మునకవాని త్రాడును



ఖతర్ దేశమున రయ్యాన్ నగరపాలికలో ముఐథర్ ఒక పేట. ఎత్తైన ప్రహరీగోడలు, వాని వెనుక ఇసుకవన్నె విల్లాలు, మలుపు మలుపునకు బఖాలా అను ఒక కిరాణా దుకాణము, ఎండ తగ్గినంతనే బంతి పట్టుకొని వీథిన పడు పిల్లలు, ఇంతకుమించి ఇచట చూడదగినది ఏమున్నదని మన తెలుగువారు తరచుగ అడుగుచుందురు. గురువారము రాత్రి ఖర్చుల లెక్కలు, శుక్రవారము ప్రొద్దెక్కువరకు నిద్ర, మధ్యాహ్నము బిర్యాని, సాయంకాలము ఇంటికి వీడియో కాలు. ఇట్లు ఏండ్లకేండ్లు గడిపి స్వదేశమునకు మరలినపుడు, ఖతరును గూర్చి నాలుగు మాటలు చెప్పుమన్నచో, ఎండ యొకటి, జీతమొకటి తప్ప మూడవ మాట తోచనివారు మనలో పెక్కుమంది కలరు. మనము చెమటోడ్చుచున్న ఈ నేలకు చమురు పుట్టకముందొక బ్రతుకు ఉండెననియు, ఆ బ్రతుకు మన బ్రతుకునకు అంత దూరమైనది కాదనియు తెలిసికొనుటకు, ఇచటి ప్రదర్శనశాలలను, పాత మేడలను తీరికగా చూచుటకంటె సులభమైన ఉపాయము లేదనునదే నేటి నా ప్రసంగము యొక్క సారాంశము.

రాజుల మేడలు ప్రజలకు తెరువబడుట అన్ని దేశములలో ఒక్క తీరున జరిగినది కాదు. రష్యాలోని పీటర్స్‌బర్గు నగరమున కాథరిన్ రాణి 1764లో మొదలిడిన చిత్రసంచయమును 1852 నుండియే జనులు చూడగలిగినను, చక్రవర్తులు కాపురమున్న శీతకాలపు సౌధము హెర్మిటేజి ప్రదర్శనశాలలో కలిసిపోయినది 1917 విప్లవము తరువాతనే. మన హైదరాబాదున మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ పెండ్లి లేక, సంతానము లేక 1949లో దివంగతుడు కాగా, ఆయన జీవితమంతయు కూడబెట్టిన వస్తువులు 1951లో ఆయన దివాన్ దేవిడీలోనే జనులకు దర్శనీయములై, 1961లో పార్లమెంటు శాసనమువలన జాతీయ సంస్థయై, 1968లో మూసీ యొడ్డున ఇప్పుడున్న భవనమునకు చేరినవి. ఖతరులో విప్లవమును రాలేదు, వారసులు లేని కొరతయు రాలేదు. 1971లో స్వాతంత్ర్యము లభించిన పిమ్మట, చమురు ధనముతో దోహా నగరము తన పాత ముఖమును తానే గుర్తింపలేనంతగా మారిపోవుచుండగా, నాటి అమీరు షేక్ ఖలీఫా తన తాత అబ్దుల్లా బిన్ జాసిం కట్టించి విడిచిన పాడుమేడను బాగుచేయించి, 1975లో దానినే దేశపు ప్రదర్శనశాలగా తెరపించెను.

ఆ మేడను చేరుటకు ముందు మన పొరుగున నున్న కోటను చూతము. ముఐథరునకు దాపుననే వజ్బా అను చోట నాలుగు బురుజుల కోట యొకటి కలదు. గోలకొండను చూచిన కన్నులకు అది కోటవలెనే కనబడదు. కాని ఈ దేశచరిత్రలో దాని స్థానము మిక్కిలి పెద్దది. 1871 నుండి ఈ తీరమున ఉస్మానీయ తురుష్కులు దండు నిలిపి యుండిరి. పన్ను బాకీలు చెల్లింపవలెనని, రేవున సుంకపు ఠాణా పెట్టుదుమని పట్టుబట్టి బస్రా వాలీ, అనగా రాష్ట్రాధిపతి, హాఫిజ్ పాషా 1893లో సైన్యముతో వచ్చి, ఖతరు పాలకుడు షేక్ జాసిం బిన్ మహమ్మద్ తన యొద్దకు రాకపోగా, ఆయన తమ్ముని, మరికొందరు పెద్దలను చెరబట్టెను. జాసిం వజ్బాలో తెగలవారిని కూడగట్టుకొని, ఆ మార్చి నెలలో తనపైకి నడచివచ్చిన సైన్యమును దోహా దాక తరిమి, వారికి నీరు అందకుండ కట్టడిచేయగా, చెరలోనున్న వారిని విడువక వాలీకి గత్యంతరము లేకపోయెను. తుదకు సుల్తానే ఆ వాలీని పదవినుండి తొలగించెను. ఎడారిలో ఫిరంగికంటె బావియే బలవత్తరమైనదని ఆ యుద్ధము ఋజువు చేసినది. గెలిచిన జాసిం వృత్తిచే ముత్యాల వర్తకుడను సంగతి కూడ ఇచట మరువరాదు. నాటి ఖతరులో రాజ్యమునకును ముత్యమునకును నడుమ గోడ లేదు.

ఇక దోహాకు పోవుదము. మెట్రో బండిలో బంగారువన్నె మార్గమున జాతీయ ప్రదర్శనశాల పేరనే ఒక స్టేషను కలదు. మెట్లెక్కి వెలుపలికి వచ్చినంతనే ఇసుకరంగు పళ్ళెములు ఒకదానిలోనికొకటి దూసికొనిపోయినట్లున్న విచిత్రభవనము కంటబడును. ఎడారిలో ఉప్పునేలల క్రింద జిప్సము గడ్డకట్టి రేకులు రేకులుగ విచ్చుకొను శిలాస్ఫటికమును ఎడారి గులాబి యందురు. ఫ్రెంచి వాస్తుశిల్పి ఝాఁ నువెల్ ఆ రూపమునే భవనముగ మలచి, 539 బిళ్ళలతో, సుమారు 350 మీటర్ల నిడివితో నిలిపినాడు. 2019 మార్చి 28న తెరచిన ఈ నూతన భవనము పదునొకండు శాలలుగ సాగి, చూపరిని ఇంచుమించు కిలోమీటరున్నర నడిపించి, తుదకు పాత మేడ ముంగిట విడిచిపెట్టును. అంత ఆడంబరమును గడచివచ్చినపిమ్మట ఎదుట నిలుచు ఆ తెల్లని అరుగులు, చిన్న గదులు, సాదా కమానులు చూచి కొందరు నిరాశపడుదురు. నాకు మాత్రము ఆ మొత్తము దృశ్యమున నిజమైన వస్తువు అదియే అనిపించును. 1980లో ఆగా ఖాన్ వాస్తుపురస్కారము మొట్టమొదటిసారి ఇచ్చినపుడు, ఆ పురస్కారము పొందిన కట్టడములలో ఈ మేడ పునరుద్ధరణమును ఒకటి.

ఒక శుక్రవారము కామారెడ్డి ప్రాంతపు మేస్త్రి యొకడు నాతో కూడ వచ్చెను. కొత్త భవనపు తెరలమీది బొమ్మలను అతడు మర్యాదకొరకు చూచెను గాని, పాత మేడ గదిలో అడుగిడినంతనే తల పైకెత్తి, కప్పును ఈ కొసనుండి ఆ కొసవరకు పరికించి చాలసేపు మాటాడలేదు.

"గా దంతెలు జూసిన్రా సారూ, సన్నగున్నయి, పొట్టిగున్నయి. గవి ఎంత పొడుగుంటె అర్ర గంతే ఎడల్పు పెట్టిన్రు. మా ఊర్ల పాతిండ్లు గూడ గిట్లనే" అని తుదకతడనెను.

అతడు చెప్పినది అక్షరాల నిజము. చెట్లు లేని ఈ దేశమునకు కప్పు దూలములు తూర్పు ఆఫ్రికా తీరపు మడ అడవులనుండి పడవలపై రావలసి యుండెను. మడచెట్టు దుంగ మూడు నాలుగు మీటర్లకు మించి సాగదు. కనుక రాజైనను, వర్తకుడైనను, గది వెడల్పు ఆ దుంగ ఇచ్చినంతయే. గోడకు సముద్రపు పగడపురాయి, పూతకు జిప్సపు గచ్చు. ప్రభువు మేడ అనబడునది నిజమునకు సముద్రము దాటి వచ్చిన కఱ్ఱను ఈ తీరపు రాతితో కూర్చిన వస్తువు. గ్రంథములు చదివి నేను తెలిసికొన్న సంగతిని ఆ మేస్త్రి ఒక్కచూపులో చదివినాడు. ప్రదర్శనశాలకు పోవుటకు చదువు కావలయునని జంకువారు ఈ మాట గమనింపవలెను. చేతిపని యెరిగినవాని కన్ను ఏ మార్గదర్శికకును తీసిపోదు.

మేడకంటె కూడ నన్ను నిలువబెట్టినది ముత్యములను గూర్చిన శాల. అచట అద్దముల వెనుక పరచిన సామగ్రి అతిస్వల్పము. ముక్కు బిగించుకొనుటకు తాబేటిచిప్పతోనో ఎముకతోనో చేసిన చిన్న చిమటా, చిప్పలు కోసికొనిపోకుండ వ్రేళ్ళకు తొడుగుకొను తోలు తొడుగులు, మెడకు వ్రేలాడు త్రాటిబుట్ట, కాలికి కట్టుకొను బరువురాయి, వీనికి తోడు రెండు త్రాళ్ళు. మునకవాడు రాతి బరువుతో అడుగునకు దిగి, ఊపిరి నిలిచినంతవరకు, అనగా ఇంచుమించు ఒక నిమిషము, చిప్పలను బుట్టలో వేసికొని త్రాడు కదలించును. పడవమీద త్రాడు పట్టుకొన్న తోడుగాడు ఆ కదలికను కనిపెట్టి తటాలున పైకి లాగవలెను. ఆ చేతి ఏమరుపాటు ఈ ప్రాణమునకు ముప్పు. వేసవి నాలుగు నెలలును సముద్రముపైననే కాపురము. కడుపు నిండియున్నచో మునక సాగదు గనుక ప్రొద్దుటినుండి కొన్ని ఖర్జూరములు, ఇంత కాఫీ, ఇంతియే ఆహారము. చీకటి పడినపిమ్మట అన్నము, చేప. అలసట మరపించుటకు ప్రతి పెద్ద పడవకును జీతమిచ్చి పెట్టుకొన్న పాటగాడొకడు ఉండెడివాడు.

ఇంత చేసినను మునకవానికి దక్కినదేమి? పడవలు కదలకముందే నాఖుదా, అనగా పడవ పెద్ద, ఇంటి గ్రాసమునకు మునకవానికి బయానా ఇచ్చును. వేట ముగిసి ముత్యములు అమ్ముడుపోయిన తరువాత వాటాలు లెక్కకట్టి, బయానా తీసివేసి, మిగిలినది చేతికిచ్చును. మిగులకపోయినచో ఆ బాకీ మరుసటి ఏటికి ప్రాకును. బాకీ తీరకుండ ఆ మనిషి వేరొక పడవ యెక్కరాదు. తండ్రి పోయినచో ఆ పద్దు కొడుకు తలపై పడుటయు ఈ తీరమున వాడుకయే. శ్రోతలారా, ఈ మాటలు చెప్పుచుండగా మీలో కొందరికి జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, నిజామాబాదులోనో వీసా కొరకు ఏజెంటునకిచ్చిన అప్పుపత్రము జ్ఞాపకము వచ్చుచుండవచ్చును. నేడు ఇల్లు విడిచి, అప్పు మోసి, మనము వచ్చి పనిచేయుచున్న ఈ ఖతరులోనే, మూడు తరముల క్రిందట ఈ దేశీయులే ఇల్లు విడిచి, అప్పు మోసి సముద్రపుటడుగున పనిచేసిరి. ఈ సంగతి తెలిసినవాడు ఇచటివారిని చూచు చూపులో అసూయ కొంత తగ్గును. తనను తాను చూచుకొను చూపులో న్యూనత కొంత తగ్గును.

ఆ ముత్యములు బొంబాయికి పోయి, అచటనుండి మన సంస్థానాధీశుల కంఠములను, హైదరాబాదు నైజాముల తోషాఖానాను అలంకరించినవి. వాని ప్రయాణమును కంటికెదుట నిలుపు వస్తువొకటి ఈ ప్రదర్శనశాలలోనే ఉన్నది. తెలుగువారు దానిని తప్పక చూడవలెను. బరోడా ప్రభువు ఖండేరావు గైక్వాడు 1865 ప్రాంతమున సుమారు 15 లక్షల గల్ఫు ముత్యములతో, నడుమ వజ్రములు, కెంపులు, పచ్చలు, నీలములు పొదిగించి ఒక తివాచీ చేయించెను. మదీనాలో ప్రవక్త సమాధికి సమర్పింపవలెనని ఆయన సంకల్పము. 1870లో ఆయన కాలము చేయుటచే ఆ కానుక బరోడాలోనే నిలిచిపోయెను. తరువాత దానిని దేశము దాటించినది మన తెలుగు ఆడపడుచే. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకుడైన పిఠాపురము మహారాజుగారి కుమార్తె సీతాదేవి, మొదట ఉయ్యూరు జమీందారు ఇల్లాలు, 1943లో బరోడా మహారాజు ప్రతాపసింహ గైక్వాడును వివాహమాడి, పిమ్మట మొనాకోలో కాపురము పెట్టినపుడు, సంస్థానపు నగలతోపాటు ఈ తివాచీయు ఆమె వెంట సముద్రములు దాటెను. తుదకు 2009లో దోహాలోనే వేలమునకు వచ్చి, సుమారు 54 లక్షల 50 వేల డాలర్లు పలికి, ఏ సముద్రములో పుట్టినదో ఆ సముద్రపు టొడ్డుననే స్థిరపడినది.

ఆ తివాచీ యెదుట నిలిచి చూడుడు. రెండున్నర మీటర్ల పొడవున ఆవగింజలంత ముత్యములు సందు లేకుండ పరచుకొని లతలై, పూవులై వెలుగుచుండును. చేయించిన ప్రభువు పేరు తెలియును, తరలించిన రాణి పేరు తెలియును, వేలపు ధర తెలియును. ఆ 15 లక్షలలో ఒక్క ముత్యమును పైకి తెచ్చిన మునకవాని పేరైనను మనకు తెలియదు. ముక్కుచిమటాను చూచినపిమ్మట ఈ తివాచీని చూచినచో దాని అందము తరగదు గాని, దాని వెల మరియొక లెక్కలో తేలును.

ఈ ముత్యాల వైభవము కొలది యేండ్లలోనే కూలిపోయెను. జపానులో మికిమోటో పెంపుడు ముత్యములను సంతకు తెచ్చుటయు, 1929 తరువాత ప్రపంచమంతట ధరలు పడిపోవుటయు కలిసి ఈ తీరమును ఆకలిపాలు చేసినవి. 1939లో దుఖాన్ వద్ద చమురు పడినను, రెండవ ప్రపంచయుద్ధమువలన పనులు ఆగి, 1949 తుదిలో గాని మొదటి ఓడ చమురుతో కదలలేదు. ఆ కథను చెప్పునవి దోహా నడిబొడ్డున ముషేరిబ్ పేటలో 2015లో తెరచిన నాలుగు పాత యిండ్లు. వానిలో కంపెనీ ఇల్లనునది తొలి చమురు కంపెనీ కార్యస్థానము. మునకలు మాని గొట్టములు మోసిన మొదటితరపు కార్మికుల జీవితము అచట కలదు. రద్వానీ ఇంట విద్యుద్దీపము రాకకు ముందును, తరువాతను కుటుంబము గడిపిన తీరు చూడనగును. మహమ్మద్ బిన్ జాసిం ఇల్లు ఆ పేట పూర్వోత్తరములను వివరించును. నాలుగవది బిన్ జల్మూద్ ఇల్లు. ఒకప్పుడు బానిసల వ్యాపారి నివాసమైన ఆ యింటనే నేడు బానిసత్వ చరిత్రను ప్రదర్శించుచున్నారు. ఆఫ్రికానుండి తేబడి, ముత్యాల పడవలలో మునిగి, యజమానికి సంపాదించి పెట్టిన మనుష్యుల కథ అచట దాపరికము లేకుండ చెప్పబడినది. ఖతరులో బానిసత్వము రద్దయినది 1952లో. అనగా ఆనాటి స్థితిని కన్నులతో చూచినవారు నేటికిని ఉండవచ్చును. తన యింటి మచ్చను తన యింటనే వెలుతురు వేసి చూపుట ఏ జాతికైనను తేలికైన పని కాదు. నాలుగిండ్లలోను నేను మొదట చూడుమని చెప్పునది ఇదియే.

కుటుంబములతో పోవువారికి దుఖాన్ దారిలో సమ్రియా అను చోట షేక్ ఫైసల్ ప్రదర్శనశాల మిక్కిలి అనువైనది. విశాలమైన తోటల నడుమ కోటవలె కట్టిన ఆ భవనమున తివాచీలు, కత్తులు, పాతకాలపు మోటారుకార్లు, శిలాజములు, డమాస్కసునుండి విప్పి తెచ్చి మరల నిలబెట్టిన ఇల్లు మొదలుగా వేలకొలది వస్తువులు ఒక్క మనిషి అభిరుచికి సాక్షులై యున్నవి. 1998లో తెరచిన ఈ శాలలో సాలార్‌జంగు మ్యూజియములో తిరిగినవారికి పరాయితనము తోచదు. రెండింటను వరుసకంటె ఉత్సాహము మిన్న. సముద్రతీరమున ఐ. ఎం. పెయ్ రచించిన ఇస్లామీయ కళాప్రదర్శనశాలలో షాజహాను పేర చెక్కిన పచ్చరాతి పతకమును, ఎడ్యుకేషన్ సిటీలో మన చిత్రకారుడు హుసేను పేర 2025లో తెరచిన ప్రదర్శనశాలను చూడగోరువారు వానికి వేరొక దినమును కేటాయించుట మేలు. అన్నియు ఒక్కనాడే చూడబోయినచో కాళ్ళనొప్పి తప్ప ఏమియు జ్ఞాపకముండదు.

ఖర్చును గూర్చి భయపడనక్కరలేదు. జాతీయ ప్రదర్శనశాలలోను, ఇస్లామీయ కళాప్రదర్శనశాలలోను ఖతర్ ఐడీ కార్డు చూపిన నివాసులకు ప్రవేశరుసుము లేదు. శుక్రవారము నమాజు ముగిసిన తరువాతనే తలుపులు తీయుదురు గనుక భోజనము చేసి బయలుదేరినను చాలును.

ఇక మన యింటి సంగతి. తెలంగాణమున దొరల గడీలు అనేకము వెట్టి జ్ఞాపకములతో, ఆస్తి తగవులతో కప్పులు కూలి, మర్రిమొక్కలు మొలచి పడియున్నవి. వెట్టిని ద్వేషింపవలసినదే, కాని గోడను కూల్చినంత మాత్రమున వెట్టి చరిత్ర కూలదు, దానిని చెప్పు సాక్షి మాత్రమే పోవును. బిన్ జల్మూద్ ఇంటిని చూచినవానికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను దాని వంశీయులు పూనుకొని బాగుచేయించగా 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. అదే జిల్లాలో, ఆ చుట్టుపట్ల జిల్లాలలో గల్ఫునకు మనిషిని పంపని పల్లె అరుదు. దొర గడీ నిలిచినది, సంతోషము. ఆ పల్లెలనుండి ఎడారికి పోయినవాని గుర్తులు ఎచట నిలువవలెను?

కావున నా విన్నపము రెండు మాటలు. వచ్చు శుక్రవారము పిల్లలను వెంటబెట్టుకొని ఈ మేడలలో ఒకదానికి పోయి, సింహాసనమును చూపుటకు ముందు మునకవాని త్రాటిని చూపుడు. సెలవుపై ఇంటికి పోయినపుడు, మీ నాయనగారి మొదటి పాస్‌పోర్టు, ఏజెంటు ఇచ్చిన రసీదు, ఉత్తరమునకు బదులుగ మాటలు నింపి పంపుకొన్న క్యాసెట్లు పాత సామానువానికి వేయక, ఒక పెట్టెలో పెట్టి, పైన పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి యుంచుడు. ఖతరువారు తమ మునకవాని ముక్కుచిమటాను దాచుకొనిరి. మన శ్రమచరిత్రకు సాక్ష్యములను దాచుకొనవలసినవారము మనమే.